మల్టీసైట్‌లో థీమ్‌లు, ప్లగిన్ల నిర్వహణ: ఫైళ్లు ఒకచోట, స్విచ్చులు సైటుకొకటి

వర్డ్‌ప్రెస్ మల్టీసైట్ అంటే ఒకే ఇన్‌స్టలేషన్ మీద చాలా సైట్లు నడిపే ఏర్పాటు, ఆ సైట్లన్నీ కలిస్తే నెట్‌వర్క్. అందులో 40 సైట్లు ఉన్నా ప్లగిన్ల ఫోల్డర్ ఒక్కటే, థీమ్‌ల ఫోల్డర్ ఒక్కటే. ఏ సైట్‌లో ఏది ఆన్ అయి ఉందన్న లెక్క మాత్రం డేటాబేస్‌లో సైటుకొక టేబుల్‌లో విడివిడిగా ఉంటుంది. నెట్‌వర్క్‌లో వచ్చే చిక్కుల్లో చాలావరకు ఈ రెండింటి మధ్య ఉన్న ఎడం నుంచే పుడతాయి. ఒక ఫైలు మారిస్తే 40 సైట్లూ ఆ క్షణంలోనే మారిపోతాయి. వాటి డేటాబేస్ టేబుళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోతాయి. ఏ పని మొదలుపెట్టినా ‘ఇది ఫైలు మీద చేసే మార్పా, సైటు లెక్కలో చేసే మార్పా’ అని ఒకసారి అడిగి చూసుకోండి. ఏది ఎందుకు పాడవుతుందో ముందే తెలిసిపోతుంది.

మల్టీసైట్ 2010లో వర్డ్‌ప్రెస్ 3.0తో కోర్‌లో కలిసింది. అంతకుముందు వర్డ్‌ప్రెస్ ఎంయూ అని వేరే ప్రాజెక్టుగా ఉండేది. ఇక్కడ చెప్పేదంతా మీ నెట్‌వర్క్ ఇప్పటికే నడుస్తోందని, మీకు సూపర్ అడ్మిన్ (నెట్‌వర్క్ మొత్తాన్నీ చూసుకునే అడ్మిన్) హోదా ఉందని అనుకుని చెబుతున్నది.

ఎవరి చేతిలో ఏముంటుంది

మామూలు వర్డ్‌ప్రెస్‌లో అడ్మిన్ అంటే అన్నీ చేయగలిగినవాడు. మల్టీసైట్‌లో అలా కాదు. ప్లగిన్ గానీ థీమ్ గానీ ఇన్‌స్టాల్ చేయడం, అప్‌డేట్ చేయడం, తొలగించడం, వాటి ఫైళ్లు ఎడిట్ చేయడం సూపర్ అడ్మిన్ ఒక్కరికే కుదురుతుంది. సైట్ అడ్మిన్ మీరు అందుబాటులో పెట్టిన థీమ్‌లలోంచి ఒకటి ఎంచుకోగలరు. ప్లగిన్ల సంగతికొస్తే, మొదట్లో వారికి ఆ మెనూనే కనిపించదు. కనిపించాలంటే నెట్‌వర్క్ అడ్మిన్‌లో సెట్టింగ్స్ తెరిచి, పేజీ అడుగున మెనూ సెట్టింగ్స్ దగ్గర ప్లగిన్స్ అన్న గడికి టిక్ పెట్టాలి. అప్పుడు సైట్ అడ్మిన్లు తమ సైట్‌లో ప్లగిన్లు ఆన్, ఆఫ్ చేసుకోగలుగుతారు. కొత్తవి తెచ్చి పెట్టడం అప్పుడూ కుదరదు.

ఈ టిక్ నెట్‌వర్క్ మొత్తానికీ ఒక్కటే. ఫలానా సైట్‌కు మాత్రమే ఇస్తానంటే కుదరదు, దానికి విడిగా కోడ్ రాయాలి. సైట్ అడ్మిన్లందరూ ప్లగిన్ల సంగతి తెలిసినవాళ్లయితే తప్ప ఈ గడిని ఖాళీగా వదిలేయడమే మేలు. ఒకసారి తెరిస్తే ప్లగిన్ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ వారి కంటబడతాయి. ఒక్క సైట్ కోసం తెచ్చిపెట్టిన ప్లగిన్ అవసరం లేని పది సైట్లలో ఆన్ అవుతుంది.

సైట్ అడ్మిన్ల నుంచి తరచూ వచ్చే ఫిర్యాదు ఒకటుంది: కస్టమైజర్‌లో ‘అడిషనల్ సీఎస్ఎస్’ కనిపించడం లేదని. అది లోపం కాదు. ఫిల్టర్ లేకుండా హెచ్‌టీఎంఎల్ రాసే అనుమతి మల్టీసైట్‌లో సూపర్ అడ్మిన్‌కే ఉంటుంది. అడిషనల్ సీఎస్ఎస్ ఆ అనుమతితోనే ముడిపడి ఉంది. వారు పోస్టులో అతికించిన స్క్రిప్ట్ ట్యాగ్ సేవ్ చేయగానే మాయమవడానికీ కారణం ఇదే.

థీమ్‌లు: ఎనేబుల్ వేరు, యాక్టివేట్ వేరు

నెట్‌వర్క్ అడ్మిన్‌లో థీమ్స్ పేజీకి వెళ్లి ‘నెట్‌వర్క్ ఎనేబుల్’ నొక్కితే ఆ థీమ్ ఏ సైట్‌కూ తగలదు. అన్ని సైట్ల అప్పియరెన్స్ పేజీలో ఎంచుకోవడానికి కనిపిస్తుంది, అంతే. నిజంగా వాడాలంటే ఆ సైట్ డ్యాష్‌బోర్డ్‌లోకి వెళ్లి యాక్టివేట్ చేయాలి. థీమ్ అప్‌లోడ్ చేసి, ఎనేబుల్ చేయడం మరిచిపోతే అది సైట్ వైపు కనిపించనే కనిపించదు. ‘థీమ్ పెట్టాను, రాలేదు’ అన్నప్పుడల్లా మొదట చూడాల్సింది ఇదే.

ఒక్క సైట్‌కే ఇవ్వదలచిన థీమ్‌ను నెట్‌వర్క్ ఎనేబుల్ చేయకండి. నెట్‌వర్క్ అడ్మిన్‌లో సైట్స్ తెరిచి, ఆ సైట్ పేరు కింద ఎడిట్ నొక్కి, థీమ్స్ ట్యాబ్‌లో ఎనేబుల్ చేయండి. ఈ ట్యాబ్‌లో నెట్‌వర్క్ అంతటికీ ఎనేబుల్ చేసిన థీమ్‌లు కనిపించవు. జాబితాలో లేదంటే అది అప్పటికే అందరికీ తెరిచి ఉందని అర్థం.

డిజేబుల్ చేయడంలోనూ ఒక మెలిక ఉంది. ఒక సైట్ వాడుతున్న థీమ్‌ను మీరు నెట్‌వర్క్ డిజేబుల్ చేస్తే ఆ సైట్‌కు ఏమీ కాదు, అదే థీమ్‌తో నడుస్తూనే ఉంటుంది. కానీ ఆ సైట్ అడ్మిన్ ఒకసారి వేరే థీమ్‌కు మారితే మళ్లీ పాతదానికి రాలేరు, అది జాబితాలోంచి పోతుంది. పాత థీమ్‌ను మెల్లగా వాడుకలోంచి తప్పించాలనుకున్నప్పుడు ఈ తీరు బాగా పనికొస్తుంది: డిజేబుల్ చేసి వదిలేయండి, కొత్తగా ఎవరూ ఎంచుకోలేరు, ఉన్నవాళ్లు వీలైనప్పుడు మారతారు.

చైల్డ్ థీమ్ (పేరెంట్ అనే ఇంకో థీమ్ మీద ఆధారపడి నడిచేది) వాడే సైట్‌కు పేరెంట్ థీమ్ ఫోల్డర్‌లో ఉంటే చాలు, దాన్ని ఎనేబుల్ చేయనక్కర్లేదు. పైపెచ్చు చేయకపోవడమే మంచిది, లేకపోతే సైట్ అడ్మిన్ పొరపాటున పేరెంట్‌కే మారిపోతారు. చైల్డ్ థీమ్ ఫోల్డర్ పేరును మాత్రం ఒకసారి పెట్టాక మార్చకండి. మెనూ స్థానాలు, లోగో, కస్టమైజర్ సెట్టింగులు ప్రతి సైట్ ఆప్షన్స్ టేబుల్‌లో ఫోల్డర్ పేరుతోనే దాచి ఉంటాయి. పేరు మారితే వర్డ్‌ప్రెస్ దాన్ని కొత్త థీమ్‌గానే చూస్తుంది. ఆ థీమ్ వాడే ప్రతి సైట్‌లోనూ లోగో, మెనూలు ఊడిపోతాయి.

బ్లాక్ థీమ్‌లతో, అంటే హెడర్ లాంటి భాగాలను కూడా సైట్ ఎడిటర్‌లోనే మార్చుకోగల థీమ్‌లతో, ఇంకో సమస్య. సైట్ ఎడిటర్‌లో ఎవరైనా హెడర్‌ను కొద్దిగా మార్చి సేవ్ చేస్తే ఆ టెంప్లేట్ కాపీ ఒకటి ఆ సైట్ డేటాబేస్‌లోకి చేరుతుంది. అప్పటి నుంచి ఆ సైట్ ఫైలును చూడదు, తన కాపీనే చూస్తుంది. మీరు థీమ్‌లో హెడర్ ఫైలు మార్చి 40 సైట్లకూ వెళ్లిందనుకుంటే, 37 సైట్లలో కొత్తది, 3 సైట్లలో పాతది కనిపిస్తుంది. క్యాష్ ఎన్నిసార్లు తుడిచినా ఫలితం ఉండదు. ఆ సైట్ ఎడిటర్‌లో టెంప్లేట్ పక్కనున్న మెనూలోంచి రీసెట్ చేస్తేనే ఫైలు మళ్లీ పైకి వస్తుంది. వారు చేసుకున్న మార్పు పోతుంది కాబట్టి ముందు అడిగి చేయండి.

కొత్తగా తెరిచే సైట్లు ఏ థీమ్‌తో మొదలవ్వాలన్నది డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైలులో డిఫాల్ట్ థీమ్ కాన్‌స్టంట్‌తో చెప్పవచ్చు. విలువగా థీమ్ ఫోల్డర్ పేరు రాయాలి, థీమ్ పేరు కాదు. ఆ థీమ్‌ను నెట్‌వర్క్ ఎనేబుల్ కూడా చేసి ఉంచండి.

ప్లగిన్లు నడిచే మూడు దారులు

ఒక ప్లగిన్‌ను నెట్‌వర్క్‌లో మూడు రకాలుగా నడపవచ్చు. మస్ట్-యూజ్ ప్లగిన్‌గా, నెట్‌వర్క్ యాక్టివేట్ చేసి, లేదా సైటుకొకటిగా యాక్టివేట్ చేసి. వర్డ్‌ప్రెస్ లోడ్ చేసే వరుస కూడా ఇదే: మొదట మస్ట్-యూజ్, తర్వాత నెట్‌వర్క్‌వి, ఆఖరున ఆ సైట్‌వి.

మస్ట్-యూజ్ అంటే డబ్ల్యూపీ-కంటెంట్ కింద ఎంయూ-ప్లగిన్స్ అనే ఫోల్డర్‌లో పెట్టిన పీహెచ్‌పీ ఫైళ్లు. వాటికి ఆన్, ఆఫ్ అంటూ ఉండదు, ఫైలు ఉంటే నడుస్తుంది. అక్షర క్రమంలో లోడ్ అవుతాయి. లోపలి ఫోల్డర్లలోకి వర్డ్‌ప్రెస్ తొంగిచూడదు. ప్లగిన్ ఫోల్డర్ మొత్తాన్ని అలాగే తెచ్చి పడేస్తే ఏమీ జరగదు, పైన ఒక చిన్న ఫైలు పెట్టి అందులోంచి లోపలి ఫైలును పిలవాలి. యాక్టివేషన్ హుక్ (ప్లగిన్‌ను ఆన్ చేసేటప్పుడు ఒకసారి నడిచే కోడ్) నడవదు, అప్‌డేట్ వచ్చిందని ఎవరూ చెప్పరు. కాబట్టి మీరు సొంతంగా రాసిన, అన్ని సైట్లలోనూ తప్పక ఉండాల్సిన చిన్న కోడ్‌కే ఈ ఫోల్డర్‌ను ఉంచండి. బయటి నుంచి తెచ్చిన పెద్ద ప్లగిన్లను ఇక్కడ పెడితే ఏళ్లతరబడి పాత వెర్షన్‌లోనే ఉండిపోతాయి, భద్రతా లోపం బయటపడినా మీకు కబురు అందదు.

నెట్‌వర్క్ యాక్టివేట్ చేసిన ప్లగిన్ ఉన్న సైట్లలోనూ రేపు తెరవబోయే సైట్లలోనూ నడుస్తుంది. సైట్ అడ్మిన్లు ఆపలేరు. భద్రత, లాగిన్, మెయిల్ పంపడం, క్యాష్ లాంటివి ఇక్కడ ఉండాల్సినవే. ఫారాలు, గ్యాలరీలు, అమ్మకాలు, పేజీ బిల్డర్లు లాంటివి ఎన్ని సైట్లకు కావాలో అన్నిట్లో మాత్రమే విడిగా యాక్టివేట్ చేయండి. 40లో 38 సైట్లకు కావాల్సి వచ్చినా సరే, సొంత టేబుళ్లు పెట్టుకునే ప్లగిన్‌ను విడివిడిగా ఆన్ చేయడానికే మొగ్గు చూపండి. ఎందుకో కింద ఉంది.

నెట్‌వర్క్ యాక్టివేట్ చేస్తే టేబుళ్లు ఎందుకు పుట్టవు

సందేశాలను సొంత టేబుల్‌లో దాచే ఒక ఫారం ప్లగిన్‌ను తీసుకుందాం. మామూలు సైట్‌లో యాక్టివేట్ నొక్కగానే దాని యాక్టివేషన్ హుక్ నడిచి, టేబుల్ తయారవుతుంది. మల్టీసైట్‌లో ప్రధాన సైట్ టేబుళ్ల ముందు డబ్ల్యూపీ_ అని, 7వ సైట్ టేబుళ్ల ముందు డబ్ల్యూపీ_7_ అని ఉంటుంది. నెట్‌వర్క్ యాక్టివేట్ నొక్కినప్పుడు హుక్ ఒక్కసారే, ప్రధాన సైట్ సందర్భంలో నడుస్తుంది. ప్లగిన్ రాసినవాళ్లు మల్టీసైట్‌ను దృష్టిలో పెట్టుకోకపోతే టేబుల్ కూడా ఒక్కటే పుడుతుంది, ప్రధాన సైట్‌కు.

ఇప్పుడు 7వ సైట్‌లో ఒక సందర్శకుడు ఫారం నింపి పంపాడు. ప్లగిన్ కోడ్ అక్కడా నడుస్తోంది కాబట్టి ఫారం చక్కగా కనిపిస్తుంది. కోడ్ డబ్ల్యూపీ_7_ తో మొదలయ్యే టేబుల్‌లో రాయబోతుంది, ఆ టేబుల్ లేదు. చాలా ప్లగిన్లు ఈ లోపాన్ని పైకి చెప్పవు. సందర్శకుడికి ‘మీ సందేశం అందింది’ అని కనిపిస్తుంది, సందేశం ఎక్కడా ఉండదు. డీబగ్ లాగ్ ఆన్ చేసి ఉంటేనే టేబుల్ లేదన్న వరుస అందులో దొరుకుతుంది.

పెద్ద నెట్‌వర్క్‌లోకి తేబోయే ముందు ఇలా పరీక్షించండి.

1. పరీక్ష నెట్‌వర్క్‌లో కనీసం రెండు ఉపసైట్లు ఉంచి, ప్లగిన్‌ను నెట్‌వర్క్ యాక్టివేట్ చేయండి.
2. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో డేటాబేస్ తెరిచి, రెండు ఉపసైట్ల నంబర్లతోనూ ప్లగిన్ టేబుళ్లు పుట్టాయో లేదో చూడండి.
3. ఆ తర్వాత కొత్తగా ఇంకో సైట్ తెరిచి, దానికీ పుట్టాయో చూడండి. ఉన్న సైట్లను పట్టించుకుని కొత్త సైట్లను మరిచిపోయే ప్లగిన్లు తక్కువేమీ కాదు.
4. ప్లగిన్‌ను ఆపి, తొలగించి, ఏమేం మిగిలాయో చూడండి.

రెండో, మూడో అంచెలో తప్పితే ఆ ప్లగిన్‌ను నెట్‌వర్క్ యాక్టివేట్ చేయకుండా సైటుకొకటిగా ఆన్ చేయండి. అప్పుడు ప్రతి సైట్‌లోనూ హుక్ నడుస్తుంది, టేబుల్ పుడుతుంది. ఇప్పటికే నెట్‌వర్క్ యాక్టివేట్ అయి ఉంటే ముందు నెట్‌వర్క్ డీయాక్టివేట్ చేసి, తర్వాత సైట్లలో విడిగా ఆన్ చేయాలి.

సైటుకొకటి అంటే 40 డ్యాష్‌బోర్డులు తిరగాలా అంటే, అక్కర్లేదు. సర్వర్‌లో డబ్ల్యూపీ-సీఎల్ఐ (వర్డ్‌ప్రెస్‌ను కమాండ్లతో నడిపే సాధనం) ఉంటే ‘సైట్ లిస్ట్’ కమాండ్‌తో అన్ని సైట్ల యూఆర్ఎల్‌లు తీసి, ఒక్కో యూఆర్ఎల్‌నూ ‘ప్లగిన్ యాక్టివేట్’ కమాండ్‌కు యూఆర్ఎల్ ఆప్షన్‌గా అందించే చిన్న లూప్ చాలు. ఈ యూఆర్ఎల్ ఆప్షన్ మరిచిపోతే కమాండ్ ప్రధాన సైట్ మీద నడుస్తుంది. ఏ ఎర్రరూ లేకుండా ‘సక్సెస్’ అని వస్తుంది కాబట్టి తప్పు వెంటనే తెలియదు.

సొంతంగా ప్లగిన్ రాసేవాళ్లు నాలుగు విషయాలు గుర్తుంచుకోవాలి. యాక్టివేషన్ ఫంక్షన్‌కు ‘నెట్‌వర్క్ అంతటికీనా’ అన్న విలువ ఒకటి అందుతుంది, దాన్ని చూసి సైట్లన్నిటి మీదా లూప్ నడపాలి. కొత్త సైట్ల కోసం సైట్ ఇనిషియలైజ్ అయ్యేటప్పుడు నడిచే హుక్‌ను పట్టుకోవాలి, అది 5.1 వెర్షన్‌తో వచ్చింది. ఇక, సైట్ల జాబితా ఇచ్చే గెట్ సైట్స్ ఫంక్షన్ ఏమీ చెప్పకపోతే 100 సైట్లే ఇస్తుంది. 100 సైట్ల దాకా అన్నీ సవ్యంగా నడిచి, 101వ సైట్ దగ్గర మొదలయ్యే వింత లోపాలకు మూలం చాలాసార్లు ఇదే. నంబర్‌కు 0 ఇస్తే పరిమితి పోతుంది. అలాగే స్విచ్ టు బ్లాగ్ ఫంక్షన్‌తో వేరే సైట్‌లోకి మారితే టేబుళ్లు మాత్రమే మారతాయి. ఆ సైట్‌లో యాక్టివ్‌గా ఉన్న ప్లగిన్ల కోడ్ లోడ్ అవదు.

ఏది ఎక్కడ నడుస్తోందో లెక్క తీయడం

నెట్‌వర్క్ ప్లగిన్స్ పేజీ ఒక ప్లగిన్ నెట్‌వర్క్ యాక్టివ్‌గా ఉందో లేదో మాత్రమే చెబుతుంది. ఏయే సైట్లు దాన్ని విడిగా వాడుతున్నాయో చెప్పదు. అందుకే 12 సైట్లు వాడుతున్న ప్లగిన్ కింద కూడా అక్కడ డిలీట్ లింక్ నిశ్చింతగా కనిపిస్తుంది. నొక్కితే నిజంగా తొలగించాలా అని అడుగుతుంది గానీ ఏయే సైట్లు వాడుతున్నాయో చెప్పదు. ఆ ప్రశ్నను దాటేసి నొక్కినవాళ్లు తర్వాత పడే తిప్పలు మామూలువి కావు.

లెక్క డేటాబేస్‌లో మూడు చోట్ల ఉంటుంది. నెట్‌వర్క్ యాక్టివ్ ప్లగిన్లు సైట్‌మెటా టేబుల్‌లో, సైట్ ప్లగిన్లు ప్రతి సైట్ ఆప్షన్స్ టేబుల్‌లో, థీమ్ కూడా అదే ఆప్షన్స్ టేబుల్‌లో రెండు వరుసలుగా. ఆ రెండింటిలో స్టైల్‌షీట్ అన్న వరుస నడుస్తున్న థీమ్‌ను, టెంప్లేట్ అన్న వరుస దాని పేరెంట్‌ను చెబుతుంది. థీమ్ తొలగించే ముందు రెండూ చూడాలి. స్టైల్‌షీట్ ఒక్కటే చూసి, ‘ఎవరూ వాడటం లేదు’ అనుకుని పేరెంట్‌ను తీసేస్తే దాని చైల్డ్ థీమ్‌లు వాడే సైట్లన్నీ ఒకేసారి పడిపోతాయి.

డబ్ల్యూపీ-సీఎల్ఐ లూప్‌లో ప్రతి సైట్‌కూ ‘ప్లగిన్ లిస్ట్’ నడిపి, స్టేటస్ యాక్టివ్ అన్నవి మాత్రమే తీసి, స్ప్రెడ్‌షీట్‌లో వేయండి. అడ్డం వరుసల్లో సైట్లు, నిలువు వరుసల్లో ప్లగిన్లు. ఇంకొక అడ్డం వరుసలో ఆ ప్లగిన్ ఎవరు అడిగారు, ఎందుకు అన్నది ఒక్క వాక్యంలో రాసుకోండి. ఆర్నెల్ల తర్వాత ఎవరికీ గుర్తుండని విషయం అదే.

ఒకే ప్లగిన్ రెండు చోట్లా ఆన్ అయి ఉండే అవకాశమూ ఉంది. ముందు 5 సైట్లలో విడిగా ఆన్ చేసి, తర్వాత నెట్‌వర్క్ యాక్టివేట్ చేస్తే పాత 5 నమోదులూ చెరిగిపోవు. రేపు నెట్‌వర్క్ డీయాక్టివేట్ చేస్తే మిగతా 35 సైట్లలో ఆగి, ఆ ఐదింట్లో నడుస్తూనే ఉంటుంది.

అప్‌డేట్లు

అప్‌డేట్ నొక్కేది ఒకసారే, నెట్‌వర్క్ అడ్మిన్‌లోనే. ఫైళ్లు మారిన క్షణం నుంచి అన్ని సైట్లూ కొత్త కోడ్ మీద నడుస్తాయి. ఒక సైట్‌లో పాత వెర్షన్, ఇంకో సైట్‌లో కొత్త వెర్షన్ పెట్టి చూద్దామంటే మల్టీసైట్‌లో కుదరదు. అందుకే పరీక్షించుకోవడానికి నెట్‌వర్క్ నకలు ఒకటి వేరే చోట తప్పనిసరిగా ఉండాలి.

నకలు తీసేటప్పుడు డొమైన్ ముఖ్యంగా నాలుగు చోట్ల మారాలి: ప్రతి సైట్ ఆప్షన్స్‌లో, బ్లాగ్స్ టేబుల్‌లో, సైట్ టేబుల్‌లో, డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌లోని కరెంట్ సైట్ డొమైన్ వరుసలో. డబ్ల్యూపీ-సీఎల్ఐ సెర్చ్-రీప్లేస్‌ను నెట్‌వర్క్ ఆప్షన్‌తో నడిపితే డేటాబేస్‌లోవి మారతాయి. బ్లాగ్స్, సైట్ టేబుళ్లలో డొమైన్ ముందు హెచ్‌టీటీపీఎస్ ఉండదు కాబట్టి వెతికే పదంలోనూ అది లేకుండా చూడండి. కాన్ఫిగ్ ఫైలును చేత్తోనే మార్చాలి. అది మరిచిపోతే నకలు తెరవబోయినప్పుడు బ్రౌజర్ అసలు సైట్‌కే వెళ్లిపోతుంది. అదే పరీక్ష సైట్ అనుకుని అసలుదాంట్లో పని చేసేసే ప్రమాదం ఉంది. నకలు నుంచి బయటకు మెయిల్స్ వెళ్లకుండా ఆపడం కూడా మొదటి పనుల్లోదే.

అసలు నెట్‌వర్క్‌లో అప్‌డేట్ చేసే ముందు డేటాబేస్ ఎగుమతి, డబ్ల్యూపీ-కంటెంట్ కాపీ రెండూ తీయండి. ఏదైనా తేడా వస్తే మొత్తం డేటాబేస్‌ను వెనక్కి తేవడం ఆఖరి మార్గం కావాలి. ఒక్క సైట్ కోసం అలా చేస్తే మిగతా 39 సైట్లలో ఈలోగా వచ్చిన పోస్టులు, వ్యాఖ్యలు, ఆర్డర్లు కూడా పోతాయి. పాడైన సైట్ టేబుళ్లను మాత్రమే తేవాలి. ఆ సైట్ నంబర్ 7 అయితే డబ్ల్యూపీ_7_ అని, చివరి అండర్‌స్కోర్‌తో సహా వెతకండి. అండర్‌స్కోర్ లేకుండా వెతికితే 70, 71 నంబర్ల సైట్ల టేబుళ్లు కూడా కలిసివస్తాయి. వర్డ్‌ప్రెస్.ఆర్గ్ నుంచి వచ్చిన ప్లగిన్ అయితే పాత వెర్షన్ నంబర్ చెప్పి, ఫోర్స్ ఆప్షన్‌తో మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే కోడ్ వెనక్కి వస్తుంది. కొత్త వెర్షన్ టేబుళ్లను మార్చేసి ఉంటే కోడ్ ఒక్కటే వెనక్కి రావడం సరిపోదు.

ఆటోమేటిక్ అప్‌డేట్ల మీటలు 5.5 వెర్షన్ నుంచి ఉన్నాయి. మల్టీసైట్‌లో అవి నెట్‌వర్క్ అడ్మిన్‌లోనే కనిపిస్తాయి. 6.6 నుంచి, ప్లగిన్ ఆటో అప్‌డేట్ తర్వాత ఫేటల్ ఎర్రర్ (కోడ్‌ను మధ్యలోనే ఆపేసే తప్పు) వస్తే వర్డ్‌ప్రెస్ పాత వెర్షన్‌ను వెనక్కి తెస్తుంది. మంచి సౌకర్యమే గానీ ఆటో అప్‌డేట్లు ప్రధాన సైట్ సందర్భంలో నడుస్తాయి, ఆ పరీక్ష చూసేది దాని హోమ్ పేజీనే. 23వ సైట్‌లో మాత్రమే యాక్టివ్‌గా ఉన్న ప్లగిన్ తప్పు ఆ పరీక్షకు అందదు. నెట్‌వర్క్‌లో చిన్న, నమ్మకమైన ప్లగిన్లకు ఆటో అప్‌డేట్ పెట్టి, అమ్మకాలవీ పేజీ బిల్డర్లవీ నకలులో చూశాకే చేత్తో చేయడం సరైన పద్ధతి.

డబ్బు పెట్టి కొన్న ప్లగిన్లతో ఇంకొక చిక్కు. అవి వర్డ్‌ప్రెస్.ఆర్గ్ నుంచి రావు కాబట్టి అప్‌డేట్ ఉందో లేదో వాటి సొంత కోడే వెళ్లి అడగాలి. నెట్‌వర్క్ అడ్మిన్ నడిచేది ప్రధాన సైట్ సందర్భంలో. ఆ ప్లగిన్ ప్రధాన సైట్‌లో యాక్టివ్‌గా లేకపోతే దాని కోడ్ అక్కడ లోడ్ కాదు, అప్‌డేట్ కబురు రాదు. అంతా తాజాగా ఉన్నట్టే కనిపిస్తుంది. ప్రధాన సైట్‌లోనూ దాన్ని యాక్టివేట్ చేసి లైసెన్స్ కీ ఇవ్వండి. అది ఇష్టం లేకపోతే కొత్త జిప్ దించుకుని నెట్‌వర్క్ అడ్మిన్‌లో అప్‌లోడ్ చేయండి, పాతదాని స్థానంలో పెట్టమంటారా అని అడుగుతుంది. లైసెన్స్ ఎన్ని డొమైన్లకు వర్తిస్తుందో, ఉపడొమైన్లను విడి సైట్లుగా లెక్కిస్తారో లేదో కొనేముందే తేల్చుకోండి.

కోర్ అప్‌డేట్ తర్వాత నెట్‌వర్క్ అడ్మిన్‌లో ‘అప్‌గ్రేడ్ నెట్‌వర్క్’ నడపాలి. అది 5 సైట్ల చొప్పున ముందుకు వెళ్తుంది, పూర్తయ్యేదాకా ఆ ట్యాబ్ మూయకూడదు. ప్రతి సైట్‌ను సర్వర్ తనంతట తానే హెచ్‌టీటీపీ ద్వారా పిలుస్తుంది కాబట్టి ఒక సైట్ డొమైన్ సరిగా లేకపోతే అక్కడే ఆగుతుంది. డబ్ల్యూపీ-సీఎల్ఐలో కోర్ అప్‌డేట్-డీబీని నెట్‌వర్క్ ఆప్షన్‌తో నడిపితే ఈ ఇబ్బంది ఉండదు. ప్లగిన్లు తమ టేబుళ్లను మార్చుకోవడం దీనికి సంబంధం లేనిది. చాలా ప్లగిన్లు సైట్ డ్యాష్‌బోర్డ్ ఎవరైనా తెరిచినప్పుడే ఆ పని చేస్తాయి. నెలలుగా ఎవరూ లాగిన్ కాని సైట్‌లో కొత్త కోడ్, పాత టేబుళ్లతో నడుస్తూ ఉంటుంది. పెద్ద వెర్షన్ మారినప్పుడు అలాంటి సైట్ల డ్యాష్‌బోర్డులు ఒక్కసారైనా తెరిచి చూడండి.

అంతా పడిపోయినప్పుడు

నెట్‌వర్క్ యాక్టివ్ ప్లగిన్‌లో ఫేటల్ ఎర్రర్ వస్తే అన్ని సైట్లతోపాటు నెట్‌వర్క్ అడ్మిన్ కూడా తెరుచుకోదు. మామూలు వర్డ్‌ప్రెస్‌లో 5.2 నుంచి ఉన్న రికవరీ మోడ్ మల్టీసైట్‌లో పని చేయదు. మెయిల్‌లో లింక్ వస్తుందని ఎదురుచూస్తూ కూర్చోకండి.

సర్వర్ ఎర్రర్ లాగ్‌లో ఆఖరి ఫేటల్ వరుస చూడండి. అందులోని ఫైలు దారిలో ప్లగిన్ ఫోల్డర్ పేరు ఉంటుంది. ఎస్ఎఫ్‌టీపీతో ఆ ఫోల్డర్ పేరు మార్చండి, చివర ‘-ఆఫ్’ లాంటిది తగిలిస్తే చాలు. ఫైలు దొరకకపోతే వర్డ్‌ప్రెస్ ఆ ప్లగిన్‌ను వదిలేసి ముందుకు పోతుంది, సైట్లు లేస్తాయి. ఇక్కడ ఒక జాగ్రత్త. డేటాబేస్‌లో ఆ ప్లగిన్ ఇంకా ఆన్ అనే రాసి ఉంటుంది. ఫోల్డర్ పేరు తిరిగి పెట్టగానే మళ్లీ నడుస్తుంది. ఈలోగా మీరు సూపర్ అడ్మిన్‌గా ప్లగిన్స్ పేజీ తెరిస్తే మాత్రం వర్డ్‌ప్రెస్ ఫైలు లేదని గమనించి ఆ నమోదును చెరిపేస్తుంది. తర్వాత మీరే మళ్లీ యాక్టివేట్ చేసుకోవాలి.

సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్ ఉంటే ‘ప్లగిన్ డీయాక్టివేట్’ కమాండ్‌ను నెట్‌వర్క్ ఆప్షన్‌తోపాటు స్కిప్-ప్లగిన్స్, స్కిప్-థీమ్స్ ఆప్షన్లతో నడపండి. అవి లేకపోతే కమాండ్ కూడా అదే ఎర్రర్‌తో కూలిపోతుంది. మస్ట్-యూజ్ ప్లగిన్లను ఈ ఆప్షన్ దాటవేయదు. తప్పు అక్కడుంటే ఫైలును ఫోల్డర్ బయటకు తీయడం ఒక్కటే దారి.

థీమ్‌లో తప్పు ఉంటే సాధారణంగా ఆ థీమ్ వాడే సైట్లే పడిపోతాయి. ప్రధాన సైట్ థీమ్‌లో తప్పు ఉంటే మాత్రం నెట్‌వర్క్ అడ్మిన్ కూడా పోతుంది, ఎందుకంటే అది ఆ థీమ్ ఫంక్షన్స్ ఫైలును లోడ్ చేస్తుంది. ప్రధాన సైట్‌ను తేలికైన థీమ్‌తో, వీలైనన్ని తక్కువ ప్లగిన్లతో ఉంచడం దీనికోసమే.

తొలగించడం

ప్లగిన్ తొలగించేటప్పుడు వరుస తప్పకూడదు. ముందు లెక్క తీసి, వాడుతున్న ప్రతి సైట్‌లోనూ విడిగా డీయాక్టివేట్ చేయాలి. తర్వాత నెట్‌వర్క్ డీయాక్టివేట్, ఆఖరున డిలీట్. నేరుగా డిలీట్ చేస్తే డీయాక్టివేషన్ హుక్ ఆ సైట్లలో నడవదు. షెడ్యూల్ చేసిన క్రాన్ పనులు, రీరైట్ నియమాలు (ఏ యూఆర్ఎల్ ఏ పేజీకి వెళ్లాలో చెప్పేవి) అక్కడే మిగిలిపోతాయి. డిలీట్ సమయంలో నడిచే అన్‌ఇన్‌స్టాల్ కోడ్ కూడా ఒక్కసారే నడుస్తుంది. ప్లగిన్ మల్టీసైట్‌ను పట్టించుకోకపోతే మిగతా సైట్ల టేబుళ్లు, ఆప్షన్లు డేటాబేస్‌లో పడి ఉంటాయి. వాటిని తీయాలనుకుంటే ముందు ఎగుమతి తీసి, ప్లగిన్ పేరుతో మొదలయ్యే టేబుళ్లను సైట్ నంబర్ల వారీగా చూసి తీయండి. అవే పేర్లతో ఇంకో ప్లగిన్ టేబుళ్లు లేవని రెండుసార్లు సరిచూసుకోండి.

థీమ్ అయితే ముందు నెట్‌వర్క్ డిజేబుల్ చేసి, సైట్ల థీమ్స్ ట్యాబుల్లో విడిగా ఇచ్చినవీ తీసేసి, స్టైల్‌షీట్, టెంప్లేట్ వరుసలు రెండింట్లోనూ ఎక్కడా లేదని చూశాకే తొలగించండి. పొరపాటున వాడుకలో ఉన్నదాన్ని తొలగిస్తే ఆ సైట్ ముఖం తెల్లగా మారుతుంది. అదే వెర్షన్‌ను అదే ఫోల్డర్ పేరుతో వెంటనే తిరిగి పెట్టండి. ఈలోగా ఆ సైట్ అప్పియరెన్స్ పేజీ తెరవకండి. తెరిస్తే వర్డ్‌ప్రెస్ సైట్‌ను డిఫాల్ట్ థీమ్‌కు మార్చేస్తుంది, పాత విడ్జెట్లు ఇన్‌యాక్టివ్ జాబితాలోకి వెళ్లిపోవచ్చు.